చేపల వ్యాను అదురు

బాగుచేసి పంపిన బండి అదే రోగంతో మళ్లీ నా షెడ్డు ముందుకొచ్చి నిలబడితే నాకు అన్నం సయించదు. గొప్పకోసం చెప్పడం లేదు, అదొక జబ్బు నాకు. మా ఇంట్లోవాళ్లకి బాగా తెలుసు. ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువైందనో, మజ్జిగ పులిసిందనో ఏదో వంక పెట్టి కంచం ముందునుంచి లేచిపోతాను. ఆ ఏడాది వానాకాలమంతా నన్నలా కంచం ముందునుంచి లేపిన ఘనత ఒక పాత చేపల వ్యానుది.

శ్రీకాకుళం దాటి నరసన్నపేట వైపు వెళ్లే రోడ్డు పక్కన నా షెడ్డు. కొత్త బళ్లు నా దగ్గరికి రావు. వాటికి కంప్యూటరు తగిలించి జ్వరం చూసే చోట్లు వేరే ఉన్నాయి. కార్బరేటర్ ఉన్న పాత పెట్రోలు బళ్లూ, వాటిని వదులుకోలేని మనుషులూ మాత్రం వెతుక్కుంటూ వస్తారు. ఆ వ్యాను అలాంటిదే. ఇంజను ముందు సీట్ల కింద ఉండే రకం. వెనక సీట్లు పీకేసి, రేకు పరిచి, ఐసు పెట్టెలు సర్దుకున్నారు. వాళ్లది శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డున ఒక ఊరు. మొగుడూ పెళ్లాలిద్దరే ఆ వ్యాపారానికి. పొద్దున్నే ఒడ్డున వేలంపాటలో చేపలు కొని, ఐసులో వేసుకుని, పాతపట్నం దాకా తీసుకెళ్లి అమ్మేవారు. కొనేదీ అమ్మేదీ ఆవిడ, నడిపేది ఆయన. ఆవిడని నేను అప్ప అని పిలిచేవాణ్ని, మా వైపు అక్కని అలాగే అంటాం. ఆ వరసలో ఆయన నాకు బావ.

పరుగులో ఆ వ్యానుకి ఏ లోటూ లేదు. ఎక్కడైనా ఆపి, గేరు తీసి, ఎక్సలేటరు మీద కాలు వదిలేస్తే మాత్రం ఒళ్లంతా వణుకు. అద్దాలు గలగల, తలుపులు టపటప. మా పనివాళ్ల భాషలో దీన్ని మిస్సింగ్ అంటాం.

"తమ్ముడా, దీని మీద కూకుంటే నా నడుం ఇరిగిపోతన్నాది. సంతలో దిగినాక వొంగలేకపోతన్నాను. ఏటైనాదో సూడు" అంది అప్ప మొదటిసారి వచ్చినప్పుడు. ఆవిడ కూర్చునే సీటు సరిగ్గా ఇంజను మీదే ఉంది.

బావ చెప్పులు వ్యాన్లోనే వదిలేసి దిగి, గోడ నీడన గొంతుకూర్చుని బీడీ వెలిగించాడు. "ఎన్నాళ్లనుంచి బావా ఇలగ?" అని అడిగితే రోడ్డు వైపు చూస్తూ పొగ వదిలాడు. మళ్లీ అడిగాను. "మంచి బండి!" అన్నాడు, అవతలి షెడ్డువాళ్లు కూడా తిరిగి చూసేలా.

సముద్రపొడ్డు మనుషులు గట్టిగా మాట్లాడతారని మా జిల్లాలో అందరికీ తెలుసు. ఆ హోరులో పుట్టి పెరిగినవాళ్లు, పక్కనున్నవాడితో మాట్లాడినా పడవలో ఉన్నవాణ్ని కేకేసినట్టే ఉంటుంది. మాది శ్రీముఖలింగం దగ్గర వరి పండించుకునే ఊరు. మేం మెల్లగా మాట్లాడతాం, దెబ్బలాట మాత్రం తక్కువ చెయ్యం. ఒడ్డువాళ్లకి మనం అడిగింది నచ్చకపోతే జవాబు చెప్పరనీ, మన మాట ఖాతరు చెయ్యరనీ మా ఊళ్లో ఒక నమ్మకం. నేనూ అదే అనుకున్నాను. ఈయనకి మెకానిక్కంటే లెక్కలేదన్నమాట అని మనసులో ఒక మేకు కొట్టుకుని పనిలోకి దిగాను.

సీటు ఎత్తి, ఇంజను ఆడుతుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ పీకి చూశాను. వైరు పీకగానే ఇంజను గొంతు పడిపోవాలి, పడిపోలేదంటే ఆ సిలిండరు ముందే చచ్చిందని అర్థం. అన్నీ బతికే ఉన్నాయి. అయినా ప్లగ్గులు మార్చాను. ప్లగ్గులకి నిప్పు అందించే పాయింట్లు గీకి సర్దాను. గొట్టాలు ఎక్కడైనా చీలి దొంగగాలి పీలుస్తున్నాయేమోనని అతుకుల మీద నీళ్లు చిలకరించి చెవి ఒగ్గి విన్నాను. ఏమీ లేదు. కార్బరేటర్ విప్పి పెట్రోల్లో కడిగి, సన్న కన్నాలన్నీ ఊది బిగించాను. చివరికి దాని పక్కనుండే గాలి స్క్రూ దగ్గర దొరికింది రోగం. ఇంజను పీల్చే గాలికీ పెట్రోలుకీ పాళ్లు కుదిర్చే చిన్న స్క్రూ అది. ఉండాల్సిన చోటుకి చాలా దూరం తిరిగిపోయి ఉంది. ఇంజను మాట వింటూ దాన్ని కొంచెం కొంచెంగా తిప్పి, కుదిరిన చోట వదిలేశాను. వణుకు ఆగిపోయింది. నాకో చెడ్డ అలవాటుంది, పని బాగా కుదిరితే ప్రదర్శన పెట్టకుండా ఉండలేను. టీ గ్లాసు తెచ్చి, ఆడుతున్న ఇంజను పైనున్న సీటు మీద పెట్టాను. టీ కదల్లేదు.

"నీ సేతులు సల్లగుండ!" అంది అప్ప.

బావ వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. నా టీ గ్లాసుని చూశాడు. ముఖంలో ఏ మెప్పూ లేదు. పైగా దిగులు పడ్డట్టు కనిపించాడు. తాళం తిప్పాడు. అప్పటికే ఆడుతున్న ఇంజనుకి మళ్లీ స్టార్టరు తగిలి కర్రుమని అరిచింది. నా పళ్లు జివ్వుమన్నాయి. ఆ స్టార్టరు పళ్లు సగానికి అరిగి ఉండటం నేను అంతకు ముందే చూశాను. బండి నేర్చుకునేవాళ్లు చేసే తప్పు అది. "బావా, ఆడతన్న ఇంజనుకి తాళమేటి?" అని కసిరాను. పట్టించుకోకుండా గేరేసి వెళ్లిపోయాడు. మేకు ఇంకాస్త లోపలికి దిగింది.

నాలుగు రోజులు తిరక్కుండానే వ్యాను మళ్లీ వచ్చింది. అదే వణుకు. ఈసారి ఇంజనుని మోసే రబ్బరు దిమ్మలు మార్చాను. వాల్వుల సందులు సర్దాను. గాలి స్క్రూ మళ్లీ పక్కకి జరిగిపోయి ఉంటే, లోపలున్న స్ప్రింగు వదులైందేమో, అదురుకి దానంతటదే తిరుగుతోందేమో అనుకుని స్ప్రింగు కూడా కొత్తది వేశాను. టీ గ్లాసు మళ్లీ కదల్లేదు. వారమైనా గడవకుండా వ్యాను మళ్లీ వచ్చింది.

ఇంట్లో మజ్జిగ పులుస్తూనే ఉంది.

మూడోసారి స్క్రూ సర్ది, దాని తల మీదా పక్కనా కలిసేలా ఎర్ర రంగు చుక్క ఒకటి పెట్టాను. మేం మామూలుగా చేసే పనే ఇది. ఎవరైనా తిప్పితే చుక్క విరుగుతుంది. తరవాత వ్యాను వచ్చినప్పుడు సీటు ఎత్తి టార్చి వేసి చూస్తే చుక్క రెండు ముక్కలై ఉంది. స్క్రూ తల మీద ఏదో పలచటి ఇనుము పెట్టి తిప్పిన గీతలున్నాయి. ఇది స్ప్రింగు పని కాదు, అదురు పని కాదు. చెయ్యి పడింది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మా పనిలో ఒకడు కుదిర్చిన స్క్రూని ఇంకొకడు తిప్పడమంటే అవతలివాడి కంచంలో చెయ్యి పెట్టడమే. "అప్పా, నా దగ్గర సేయించుకుని ఇంకో మెకానిక్కు సేతికి ఇచ్చినారు. మరి నాను ముట్టుకోను. ఆడి దగ్గరికే ఎల్లండి" అని స్పానర్లు డబ్బాలో పడేశాను.

"గంగమ్మ తల్లి తోడు, ఇంకెవులూ ముట్టలేదు" అంది అప్ప. ఒడ్డువాళ్లు గంగమ్మ మీద అబద్ధపు ఒట్టు వెయ్యరు. బావ గోడ నీడన కూర్చుని తన అరిపాదాలు చూసుకుంటున్నాడు.

అప్ప నన్ను షెడ్డు లోపలికి తీసుకెళ్లింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా అన్న కొడుకు ట్రాలీ ఆటో కొన్నాడు. అత్తా, ఆ వ్యాను తుక్కుకిచ్చీ, నీ సేపలు నానే ఏసుకెల్తాను అంతన్నాడు. నా నడుం సూసి మా ఇంటికాడ అందరూ అదే మాట. అప్పుడు ఈ మనిసేటి సేస్తాడు? పెళ్లైన కాడ్నుంచీ గుజరాత్ బోట్లలో ఇంజను కాడే బతికినాడు. వానాకాలం వొచ్చి కన్ను మూసి తెరిసేలోపు మళ్లీ రైలెక్కీసేవోడు. పిల్లలు పుట్టినప్పుడు లేడు, మాయమ్మ పోయినప్పుడు లేడు. ఇప్పటికి నా పక్కన కూకున్నాడు. ఈ బండి పోతే ఇంటికాడ మంచమెక్కీస్తాడు తమ్ముడా. నాను ఆయన్ని మళ్లీ పోగొట్టుకోలేను."

కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. కాని ఇంజను రోగం అలాగే ఉంది. ఒక బండికి షెడ్డులో దొరకని రోగం రోడ్డు మీద దొరుకుతుంది. స్క్రూ మళ్లీ కుదిర్చి, రేపు నేనూ మీతో పాతపట్నం వస్తాను అన్నాను.

మర్నాడు దారిలో నా షెడ్డు దగ్గర ఆగి నన్ను ఎక్కించుకున్నారు. వెనక ఐసు పెట్టెల మధ్య, సావళ్లూ కానాగంత చేపలూ నిండిన గంపల పక్కన, రేకు మీద గోనె వేసుకుని కూర్చున్నాను. ఐసు నీళ్లు నా లాగు తడిపేశాయి. ముందు సీట్లో అప్ప మాట మొదలుపెట్టింది, ఇక ఆపితే ఒట్టు. ఒడ్డున పాటలో ఎవరు ఎవరిని మోసం చేశారు, చిన్నకోడలు పులుసులో చింతపండు ఎలా తగలేసింది, పక్కింటివాళ్ల మేక తన ములక్కొమ్మ ఎలా మేసింది. బావ రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, సందు దొరికినప్పుడల్లా "ఊ" అంటూ తలూపుతున్నాడు.

"ఆ మేకని ఈసారి కట్టీమంతావా, ఒగ్గీమంతావా?" అందావిడ.

"ఊ" అన్నాడు.

నేను వెనక నవ్వుకున్నాను. పెళ్లయి ఇన్నేళ్లయిన మొగుడి ఊ అలాగే ఉంటుంది, మా ఇంట్లో నాదీ అంతే. మధ్యమధ్య ఆవిడ తన మోచేత్తో ఆయన డొక్కలో పొడిచేది. అప్పుడు ఆయన అద్దంలో చూసుకుని బండి ఎడమకి తీసేవాడు, వెనకనుంచి హారను మోగించుకుంటూ ఒక లారీ దాటిపోయేది. మాటల ఊపులో పొడుస్తోంది కాబోలు అనుకున్నాను. కాలవ గట్ల అవతల నాట్లు వేసేవాళ్ల పాటలూ ఫోన్లలో పెట్టుకున్న పాటలూ కలిసి వినిపిస్తుంటే, చల్లగాలికి నాకు కాస్త కునుకు కూడా పట్టింది.

దారిలో రైలు గేటు పడింది. బళ్లన్నీ ఆగాయి. బావ గేరు తీశాడు. ఇంజను నేను కుదిర్చినట్టే హాయిగా ఆడుతోంది. నాకు ముచ్చటేసింది. అప్పుడు చూశాను ఆయన కాళ్లు. చెప్పులు సీటు వెనక్కి తోసేసి, ఎడమ అరికాలు రేకు మీద ఆనించి పెట్టాడు. దాన్ని ఇటు జరిపాడు, అటు జరిపాడు. చెయ్యి స్టీరింగు మీదనుంచి తీసి సీటు అంచుకి ఆనించాడు. ముఖంలో కంగారు. ముందున్న బస్సువాడు ఇంజను ఆపేశాడో లేదో చూశాడు. రైలు వెళ్లింది, గేటు లేచింది, వెనకవాళ్లు హారన్లు మొదలెట్టారు. బావ తాళం తిప్పాడు. కర్రు!

అప్ప పళ్లు కొరుక్కుంది. మాటల పుట్టలాంటి మనిషి ఆ కర్రుకి మాత్రం నోరు మెదపలేదు. నాకు అక్కడ ఏదో తట్టింది, కాని ఏమిటో తేలలేదు.

పాతపట్నంలో సంత గట్టిగా ఉంది. కొండలమీదనుంచి దిగినవాళ్లూ, ఒడిశా వైపునుంచి వచ్చినవాళ్లూ, చింతపండు బుట్టలూ, కోళ్లూ. చేపల వరసలో అప్పకి ఒక స్థిరమైన చోటుంది. గంపలు దించుకుని, టార్పాలిన్ పరిచి, కత్తిపీట వేసుకుని కూర్చుంది. నేను టీ తాగడానికి వెళ్లినవాణ్ని, జేబులో చిల్లర లేక వెంటనే తిరిగొచ్చాను. వ్యాను తలుపు తీసి ఉంది. అప్ప సీటు పైకి ఎత్తి ఉంది. బావ ఇంజను మీదకి వంగి, వేళ్ల మధ్య ఒక రూపాయి బిళ్ల పట్టుకుని గాలి స్క్రూ తిప్పుతున్నాడు. ఇంజను ఆడుతోంది. ఎడమ అరికాలు రేకు మీద ఉంది. తిప్పడం, అరికాలితో చూడటం, మళ్లీ తిప్పడం. నేను కుదిర్చిన ఇంజను నా కళ్ల ముందే వణకడం మొదలుపెట్టింది. ఆయన ముఖం విప్పారింది.

"బావా!" అన్నాను. తిరగలేదు. "బావా!" అని అరిచాను. చింతపండు బుట్ట దగ్గరున్న ముసలాయన తిరిగాడు గాని ఈయన తిరగలేదు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి, బిళ్ల ఇంజను సందులో జారవిడిచాడు.

నన్ను చూసి దొరికిపోయానని తెలుసుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని వ్యాను పక్కకి లాగాడు. చుట్టూ చూశాడు. అరచెయ్యి నోటి పక్కన అడ్డం పెట్టి, నా చెవి దగ్గరికి వంగి, రహస్యం చెప్పాడు. ఆయన లెక్కలో అది గుసగుసే.

"ఎవులికీ సెప్పకు బావా! నాకు సెవులు ఇనపడవు! బోటు ఇంజను కాడే పోనాయి! బండి ఆడతన్నాదో ఆగిపోనాదో నాకు తెలదు! ఇలగ అదిరితే అరికాలికి తెలస్తాది! ఆగిపోతే స్టీరింగు ముందర ఎర్రదీపం ఎలగతాదిలే గాని ఎండలో అది అవుపడదు! మీ అప్పకి మాత్రం సెప్పకు! తెలిస్తే నన్ను ఇంటికాడ కూకోబెట్టీసి ఆ ఆటో ఎక్కీస్తాది!"

చేపల వరస మొత్తం ఆగిపోయింది. కత్తిపీటల మీద చేతులు ఆగిపోయాయి. వెనక వరసలో కోడిని పట్టుకున్నవాడు కోడితో సహా ఇటు తిరిగి నిలబడ్డాడు. అప్ప వీపు మా వైపు ఉంది. కానాగంతలు తూస్తోంది. తక్కెడ పట్టుకున్న చెయ్యి గాలిలో నిలిచిపోయింది. ఎదురుగా కూర్చున్న ఒడియా ఆవిడ "కేతే, కేతే?" అని ఎంతో అడుగుతూనే ఉంది. కాసేపటికి అప్ప తక్కెడ దించింది. వెనక్కి తిరగలేదు. ఆవిడ భాషలోనే ధర చెప్పి, చేపలు ఆకులో కట్టి ఇచ్చింది.

బావ నా మొహంలోకే చూస్తున్నాడు, మాటిస్తానా లేదా అని. ఏళ్ల తరబడి ఒక ఇంజను పక్కన పడుకుని చెవులు రెండూ దానికే ఇచ్చేసి వచ్చిన మనిషి. జవాబు ఇవ్వలేదని నేను పొగరు అంటగట్టిన మనిషి. ఆయన రెండు చేతులూ పట్టుకుని తలూపాను. ఆయన ఒళ్లు వదులైంది. సంతలో మిగిలినవాళ్లు, నిజంగా మంచివాళ్లు, ఎవరి బేరం వాళ్లు అందుకున్నారు.

తిరుగు దారిలో ఇంజను వణుకుతూనే ఉంది. నేను ముట్టుకోలేదు. అప్ప ఏమంటుందోనని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. ఆవిడ సీటెక్కి, నడుం సర్దుకుని, ఒడియా ఆవిడ బేరం గురించి మొదలుపెట్టి నరసన్నపేట దాకా మాట్లాడుతూనే ఉంది. బావ "ఊ" అంటూనే ఉన్నాడు. సంతలో ఆయన అరిచింది అప్ప వినలేదా ఏమిటి అని నాకే అనుమానం వచ్చింది.

తరవాత ఒక రోజు మధ్యాహ్నం అప్ప ఒక్కర్తే ఆటో దిగి షెడ్డుకి వచ్చింది. చేతిలో ఎండునెత్తళ్ల పొట్లం నా బల్ల మీద పెట్టి, టైరు మీద కూర్చుంది.

"ఆయన సెప్పింది ఇన్నావు గదా" అంది.

"నువ్వూ ఇన్నావా?"

"సంతంతా ఇన్నాది, నాకినపడదేటి?" అని నవ్వింది. "సెవులు పోనాయని నాకెప్పుడో తెలుసు తమ్ముడా. ఆఖరుసారి గుజరాత్ నుంచి వొచ్చిన రోజే తెలిసింది. ఎనకనుంచి పిలిస్తే తిరగలేదు. ఇంజను అదుర్ని అరికాలితో సూసుకుంతన్నాడన్న సంగతే తెలదు. నా నడుం నొప్పని నీకాడికి తెచ్చి, ఆయన కాళ్ల కిందది నానే తీయించీసినాను."

"తెలిసీనా దారంతా మాటాడతన్నావు? ఎవరితోటి?"

"ఆయన్తోటే."

"ఆయనకి ఒక్క ముక్కా ఇనపడదు గదా అప్పా!"

అప్ప నెత్తళ్ల పొట్లం ముడి బిగించింది. "నాను మాటాడ్డం ఆపీస్తే, నాకు తెలిసిపోనాదని ఆయనకి తెలిసిపోదేటి?"

చేతిలో ఉన్న గుడ్డతో లేని మరక ఒకటి తుడిచాను. అయినా నా బుద్ధి ఊరుకోదు, వాదన పెట్టుకున్నాను. చెవులు వినపడని మనిషి బండి నడపడం ఎలా, ఎంత ప్రమాదం అన్నాను. "లారీ హారను కొడితే నాను డొక్కలో పొడుస్తాను, ఆయన పక్కకి తీస్తాడు. ఆయనకి కళ్లున్నాయి, నాకు సెవులున్నాయి. నాను లేకుండా తాళం ముట్టనివ్వను" అంది. ఆసుపత్రికి తీసుకెళ్తే చెవిలో మిషను పెడతారన్నాను. "ఎల్తాం. ఆ మాట ముందు ఆయన నోట్లోంచి నాకు రానీ. నీకు సెప్పినాడు గదా, రేపో మాపో నాకూ సెప్తాడు" అంది.

"మరి నన్నేటి సెయ్యమంతావు?"

"దొంగసాటుగా సీటెత్తుకుని బిళ్లతో తిప్పుతన్నాడు. ఒక్కోసారి ఎక్కువ తిప్పీసి నడిరోడ్డు మీద బండి ఆపీస్తన్నాడు. ఆయనకి అదురుండాల, బండి ఆగిపోకూడదు. నాను సెప్పినట్టు తెలకూడదు. నా నడుం సంగతి ఒగ్గీ."

ఇన్నేళ్లుగా ఇంజన్ల వణుకు మాన్పడమే నా పని. వణుకు పుట్టించమని నన్నెవరూ అడగలేదు. ఆ పూట భోజనం చేస్తూ కూడా అదే ఆలోచన, కాని కంచం ముందునుంచి లేవలేదు. ఉప్పు ఎక్కువో తక్కువో కూడా తెలీలేదు.

మర్నాడు సంత నుంచి తిరిగొస్తూ వాళ్లు షెడ్డు దగ్గర ఆగారు. గాలి స్క్రూ నా పద్ధతిలో, ఇంజను హాయిగా ఆడే చోట కుదిర్చాను. తరవాత జాకీ పెట్టి ఇంజను కాస్త ఎత్తి, డ్రైవరు వైపు దాన్ని మోసే మెత్తటి రబ్బరు దిమ్మ తీసేశాను. లారీ టైరులోంచి గట్టి ముక్క ఒకటి కోసి, కన్నం పెట్టి, దాని బదులు బిగించాను. మెత్తటి దిమ్మ ఇంజను అదురుని తనే మింగేస్తుంది. ఈ ముక్క మింగదు, ఉన్నదున్నట్టు రేకుకి అందిస్తుంది. అప్ప వైపు కొత్త మెత్తటి దిమ్మే ఉంచాను. ఇంజను స్టార్టు చేసి ముందు ఆవిడ సీటు మీద చెయ్యి పెట్టి చూశాను, పరవాలేదు. డ్రైవరు కాళ్ల దగ్గర రేకు మీద పెట్టాను. అరచెయ్యి జివ్వుమంది.

ఇంజను ఆపకుండానే దిగి, బావని ఎక్కమని సైగ చేశాను. అప్ప తన సీటెక్కింది, ఆయన అయిష్టంగా ఎక్కాడు. చెప్పులు వెనక్కి తోశాడు. అరికాలు రేకుకి ఆనించాడు. కదలకుండా అలాగే ఉండిపోయాడు. తాళం వైపు వెళ్లబోయిన చెయ్యి మధ్యలోనే ఆగి, స్టీరింగు మీదకి వచ్చింది. ఎక్సలేటరు కొంచెం తొక్కాడు, వదిలాడు, మళ్లీ తొక్కాడు. నా వైపు తిరిగి చిన్నపిల్లాడిలా నవ్వి, రోడ్డవతలి టీకొట్టు దాకా వినిపించేలా అరిచాడు.

"ఇన్నాళ్లకి నీకు పనొచ్చినాది బావా!"

"అవును బావా, ఇప్పుడే నేర్చుకున్నాను" అన్నాను. ఆయనకి వినపడదని తెలుసు. ఆ పక్క సీట్లో, ఆ మాట విననట్టు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్న అప్ప కోసం అన్నాను.